అక్కమ్మ అడుగు

నన్ను పిల్లలు 'యూనిట్ల సార్' అంటారు. ముందర అనరు, వెనకాల అంటారు. లెక్క అంతా సరిగ్గా చేసి, చివర సెంటీమీటర్లో అడుగులో రాయకుండా వదిలేస్తే నేను సున్నా వేస్తాను. అర మార్కు కోయడం కాదు, సున్నా. తల్లిదండ్రులు వచ్చి మొత్తుకున్నారు, హెడ్మాస్టరు చెప్పి చూశాడు, నా భార్య వాణి కూడా "పాపం, చిన్నపిల్లలు కదా" అంది. నేను వినలేదు. నలభై అంటే ఏమిటి? నలభై మేకలా, నలభై మామిడిపళ్లా? ఇరవై ఆరేళ్లుగా ఇదే నా పోరు. అలాంటి నేను ఒక ఆవు ప్రాణం మీదికి తెచ్చిన లెక్క ఒకటుంది. దాచుకోవాలనే ఉంది గానీ, దాన్ని దాచుకుంటే అక్కమ్మ సంగతి కూడా దాగిపోతుంది. అందుకని చెబుతున్నాను.

నేనుండేది మదనపల్లెలో. కురబలకోట దాటాక ఒక పల్లెలో ఉన్న ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. సుష్మ అక్కడే నా దగ్గర చదువుకుంది. ఇప్పుడు కుప్పం దగ్గర పశువుల డాక్టరు కింద అసిస్టెంటు ఉద్యోగం. వాళ్లమ్మ అక్కమ్మ మాత్రం సొంతూళ్లోనే ఉంటుంది. ఎకరమున్నర చేను, రెండు ఆవులు. మనిషి పొట్టి, మాట తక్కువ. పేరెంట్స్ మీటింగుకు వస్తే వెనక బెంచీలో కూర్చుని, అందరూ వెళ్లాక నా దగ్గరికొచ్చి "పిల్ల ఎట్లుండాది సార్?" అని ఒక్క మాట అడిగి పోయేది.

జనవరి మొదటి వారంలో ఒక సాయంత్రం సుష్మ ఫోన్ చేసింది.

"సార్, ఒక లెక్క చెయ్యాల. అర్జంటు."

విషయం ఇది. ఆ ఏడు వానలు సరిగ్గా పడలేదు. శనక్కాయలు కోసుకున్నాక మిగిలే ఎండు చెట్టును మా వైపు కట్టె అంటాం. ఆవులకు ఎండాకాలమంతా అదే మేత. అక్కమ్మ తన చేలో వచ్చిన కట్టెనంతా ఇంటి పక్కన వామిగా పేర్చింది. ఆ వామి వానలదాకా రెండు ఆవులకూ సరిపోతుందా, లేదా? సరిపోకపోతే ఒకదాన్ని అమ్మేయాలని సుష్మ పట్టు. అమ్మాల్సింది సుక్కను. నొసట తెల్ల మచ్చ ఉన్న ఆవు. అది కడుపుతో ఉంది, వైశాఖంలో ఈనుతుంది.

"నిరుడు మేత అయిపోయి ఎర్రావు కూలబడిపోయింది సార్. మళ్లీ లేయలేదు. మూడు దినాలు మా అమ్మ దాని పక్కనే కూర్చునింది. నేను రోజూ చూస్తాండా గదా, కడుపుతో ఉండే ఆవుకు పస్తు పడితే రెండు ప్రాణాలూ పోతాయి. యాడో ఒక చోట మేత తిని బతికితే చాలు. మునిరత్నం టెంపో మా ఇంటి ముందరే నిలబడుండాది, పుంగనూరు సంతకు ఎక్కిస్తానని. మా అమ్మ ససేమిరా అంటాండాది. నా మాట ఇనదు. మీ లెక్కయితే ఇంటాది."

మునిరత్నం పశువుల దళారి. అతను తొందరపెడుతున్నాడట. సుష్మ అమ్మను కూడా లైన్లోకి కలిపింది. నేను మదనపల్లెలో వరండాలో, సుష్మ కుప్పంలో, అక్కమ్మ వామి పక్కన. ముగ్గురం ఒక ఫోన్లో.

"అమ్మా, వామి ఏ ఆకారంలో ఉంది?" అన్నాను.

"గుడారం మాదిరి సార్. రెండు పక్కలా వాలు. ముందూ ఎనకా నిలువు."

నాకు ప్రాణం లేచొచ్చింది. త్రిభుజాకార పట్టకం! పుస్తకంలో బొమ్మగా తప్ప పిల్లలకు చూపించలేక చస్తున్న వస్తువు. త్రిభుజం వైశాల్యం కట్టి, దాన్ని వామి పొడవుతో హెచ్చిస్తే ఘనపరిమాణం వస్తుంది. కావలసినవి మూడే అంకెలు, అడుగున వెడల్పు, నడిమి ఎత్తు, వామి పొడవు.

"టేపుందా అమ్మా?"

"టేపు యాడిది సార్. మోకుండాది."

"సరే, వెడల్పూ పొడవూ కొలవండి. ఎత్తు మాత్రం..." అని ఆగాను. కొండలాగా పేర్చిన కట్టె నడిమిలో ఎత్తు ఎలా కొలుస్తారు? లోపలికి గడ్డపార దింపమనాలా? ఆలోచిస్తున్నాను. ఇంతలో ఫోన్లో 'దబ్' మని ఏదో పడ్డ శబ్దం.

"మోకుకు రాయి కట్టి వామి మీద నుంచి అవతలికి ఏసినా సార్," అంది అక్కమ్మ. "ఈ పక్క నేల కాణ్నుంచి ఆ పక్క నేల దాకా ఎంత మోకు పట్టిందో జెప్తా. సాలునా?"

చాలదా! నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మోకులో సగం త్రిభుజం వాలు. వెడల్పులో సగం తెలుసు. ఆ రెండింటి నుంచి ఎత్తు నేను లాగగలను. నేను ఆలోచిస్తుండగానే ఆమె మోకు విసిరేసింది. ఆ పద్ధతి నేర్పించడానికి నాకు తొమ్మిదో తరగతిలో వారం పడుతుంది. సుష్మకు లెక్కలు ఎక్కడినుంచి వచ్చాయో నాకు ఆ సాయంత్రం తెలిసింది. అంతవరకూ నానుంచి వచ్చాయనుకునేవాణ్ని.

కాసేపు అడుగుల చప్పుడు వినిపించింది. తర్వాత అక్కమ్మ చెప్పింది.

"అడుగున అడ్డం పదహారడుగులు. పొడుగు ఇరవై నాలుగడుగులు. మోకు ఇరవై అడుగులు."

యూనిట్ల సార్ ఊరుకుంటాడా? "అడుగులేనా అమ్మా? గజాలు కాదు కదా?" అన్నాను.

"అడుగులే సార్. అడుగులే."

కాగితం కూడా అక్కర్లేకపోయింది. మోకులో సగం పది, వెడల్పులో సగం ఎనిమిది. కాబట్టి ఎత్తు ఆరు. ఆరు, ఎనిమిది, పది! లంబకోణ త్రిభుజానికి పుస్తకంలో ఇచ్చే అందమైన అంకెలు. ప్రకృతి నా కోసం ఒక లెక్క తయారుచేసి పంపిందనిపించింది. త్రిభుజం వైశాల్యం నలభై ఎనిమిది. పొడవు ఇరవై నాలుగుతో హెచ్చిస్తే పదకొండు వందల యాభై రెండు ఘనపుటడుగులు. తొక్కి పేర్చిన కట్టె ఘనపుటడుగుకు రెండు కిలోలు తూగుతుందని సుష్మ చెప్పింది. అంటే రెండు వేల మూడు వందల నాలుగు కిలోలు. ఒక్కో ఆవు రోజుకు ఆరు కిలోల చొప్పున రెండూ కలిసి పన్నెండు కిలోలు తింటాయి.

"నూట తొంభై రెండు రోజులు వస్తుందమ్మా," అని ప్రకటించాను. "ఆషాఢం దాకా దిగుల్లేదు. అప్పటికి పచ్చిగడ్డి లేచి ఉంటుంది. ఆవును అమ్మొద్దు."

సుష్మ "హమ్మయ్య" అంది. అక్కమ్మ ఏమీ అనలేదు. 

"నూట తొంభై రెండా సార్?" అంది చివరికి.

"అవును."

"బాగ సూసినారా?"

నాకు చురుక్కుమంది. "ఇరవై ఆరేళ్లుగా ఇదే పని కదమ్మా నాకు," అన్నాను.

"అయితే సరే సార్," అంది. ఒక్క క్షణం ఆగి, దూరంగా ఉన్న మునిరత్నంతో "నువ్వు పో అప్పా, ఆవును అమ్మేది లేదు" అనడం వినిపించింది. టెంపో స్టార్టయి వెళ్లిపోయింది. ఆమె మౌనాన్ని నేను గణితం పట్ల గౌరవం అనుకుని, ఆ రాత్రి వాణికి ఆరు-ఎనిమిది-పది కథ రెండుసార్లు చెప్పాను.

మార్చి మూడో వారం. ఒంటిపూట బడులు. తొమ్మిదో తరగతికి ఘనపరిమాణాలు చెబుతూ, ఊరికే బల్లల ముందు కూర్చుంటే నిద్రపోతారని, వరండా పొడవు కొలవమని పిల్లల్ని బయటికి తోలాను. రెండు జట్లు. ఒక జట్టుకు టేపు ఇచ్చాను. రెండో జట్టుకు టేపు చాలక "మీరు ఎట్లాగైనా కొలవండి" అన్నాను. టేపు జట్టు ఇరవై ఏడు అడుగులంది. రెండో జట్టు నుంచి వర్షిత అనే పిల్ల వచ్చి, "ముప్పై ఆరు అడుగులు సార్" అంది.

"ఎట్లా కొలిచినావు?"

వర్షిత చెప్పులు విడిచి చూపించింది. ఒక పాదం మడమకు ఇంకో పాదం వేళ్లు ఆనించి, మళ్లీ దాని ముందు ఇది పెట్టి, దూరం దూరంగా కాక ఒకదానికొకటి తగిలించుకుంటూ నడిచింది.

"అడుగంటే నీ కాలు కాదమ్మా!" అని అరిచాను. "అడుగంటే పన్నెండంగుళాలు! నీ కాలు తొమ్మిదంగుళాలుంది! ఇట్లా కొలిస్తే ఇల్లు కూలిపోతాది!"

పిల్ల బెదరలేదు. "మా అవ్వ ఇట్లే కొలుస్తాది సార్. ఊళ్లో అందరూ ఇట్లే. వామి గూడా ఇట్లే కొలుస్తారు."

అడుగుల చప్పుడు. ఆ సాయంత్రం ఫోన్లో నేను విన్నది అక్కమ్మ మోకు వెంబడి పాదానికి పాదం ఆనించి నడిచిన చప్పుడు. ఆమె అడుగులే అంది. నేను అడుగులేనా అని రెట్టించి మరీ అడిగాను. ఇద్దరం ఒకే మాట అన్నాం, రెండు వేర్వేరు సంగతులు చెప్పుకున్నాం.

మొదట నన్ను నేను సమాధానపరచుకున్నాను. పన్నెండుకు తొమ్మిది, పోయింది పావు భాగమే కదా అని. మరుక్షణం లెక్కల మాస్టరు నిద్రలేచాడు. పావు పోయింది ఒక్క కొలతలో కాదు. వెడల్పులో పావు, ఎత్తులో పావు, పొడవులో పావు. ముప్పావులో ముప్పావులో ముప్పావు. క్లాసులోకి వెళ్లి బోర్డు మీద కట్టాను. పదహారడుగుల వెడల్పు నిజానికి పన్నెండు. ఆరడుగుల ఎత్తు నాలుగున్నర. ఇరవై నాలుగడుగుల పొడవు పద్దెనిమిది. త్రిభుజం వైశాల్యం ఇరవై ఏడు, దాన్ని పద్దెనిమిదితో హెచ్చిస్తే నాలుగు వందల ఎనభై ఆరు ఘనపుటడుగులు. నేను చెప్పిన దాంట్లో సగం కూడా కాదు. తొమ్మిది వందల డెబ్బై రెండు కిలోలు. ఎనభై ఒక్క రోజులు.

జనవరి నుంచి వేళ్ల మీద లెక్కపెట్టాను. ఇంకో వారం. వారం తర్వాత వామి ఉండదు. చైత్రం, వైశాఖం, జ్యేష్ఠం, ఎండలన్నీ ముందరే ఉన్నాయి. సుక్క నిండు గర్భంతో ఉంటుంది. అమ్ముదామన్న సుష్మ నోరు మూయించింది నేను. పిల్లలు బోర్డు వైపూ నా వైపూ చూస్తున్నారు. "ఇది ఏ లెక్క సార్?" అని ఎవరో అడిగారు. పన్నెండున్నరకు బెల్లు కొట్టగానే స్కూలు టేపు జేబులో వేసుకుని స్కూటరు తీశాను.

దారి పొడవునా నన్ను నేను తిట్టుకున్నాను. ఆ తిట్లు ఇక్కడ రాయను. అక్కమ్మ ఇంటికి చేరేసరికి ఒంటిగంట. తలుపు గొళ్లెం పెట్టి ఉంది. కొట్టంలో రెండు ఆవులు నెమరేస్తున్నాయి. సుక్క పొట్ట పక్కలకు జారి ఉంది. బాగానే ఉంది, ఒళ్లు మెరుస్తోంది. పక్కకు తిరిగి వామి ఉండాల్సిన చోట చూశాను. చెద పట్టకుండా కింద పరిచిన రాళ్లు బయటపడి ఉన్నాయి. ఒక మూలన నడుమెత్తు కట్టె మిగిలింది. టేపు పరిచాను. రాళ్ల అడ్డం పన్నెండడుగులు, పొడవు పద్దెనిమిది. అంగుళం కూడా తేడా లేదు. అక్కడే రాళ్ల మీద కూర్చున్నాను.

కూర్చున్నాక కనబడింది. కొట్టం వెనకాల, వేపచెట్టు నీడలో, ఇంకో వామి.

మొదట ఇది పక్కింటి వాళ్లదేమో అనుకున్నాను. దగ్గరికి వెళ్తే తెలిసింది, అదే చేతిపని. అదే గుడారం, అదే వాలు, చివర్లు కత్తిరించినట్టు నిలువు. కొత్త కట్టె, ముట్టుకోని వామి. టేపు నా చేతిలోనే ఉంది కాబట్టి అలవాటుగా కొలిచాను. అడ్డం పన్నెండడుగులు. వాలు ఒక్కో పక్క ఏడున్నర. కాబట్టి ఎత్తు నాలుగున్నర. త్రిభుజం వైశాల్యం మళ్లీ అదే ఇరవై ఏడు. పొడవు మాత్రం ఎక్కువ, ఇరవై నాలుగడుగుల నాలుగంగుళాలు. హెచ్చించాను. ఆరు వందల యాభై ఏడు ఘనపుటడుగులు.

నేను చెప్పింది పదకొండు వందల యాభై రెండు. ఉన్నది నాలుగు వందల ఎనభై ఆరు. తేడా ఆరు వందల అరవై ఆరు. ఈ కొత్త వామి ఆరు వందల యాభై ఏడు. ఇంకా తొమ్మిదే తక్కువ.

ఇరవై ఆరేళ్లలో ఎన్ని తప్పులు దిద్దానో లెక్క లేదు. ఎర్ర సిరాతో ఒక గీత, అంతే. తప్పుకు బరువుంటుందని, దాన్ని ఎవరో ఒకరు మోయాల్సి వస్తుందని ఎప్పుడూ తట్టలేదు. నా తప్పు పన్నెండడుగుల అడ్డం, ఇరవై నాలుగడుగుల నాలుగంగుళాల పొడవు ఉంది. దాని పక్కన నిలబడితే నా భుజం దాకా వచ్చింది.

సందు మొదట్లో నుంచి కట్టె మోపు ఒకటి నడిచి వస్తోంది. కింద రెండు చిన్న పాదాలు తప్ప మనిషి కనబడటం లేదు. దగ్గరికొచ్చాక మోపు కింద అక్కమ్మ. నన్ను చూసి ఆగింది. నేను ఎదురెళ్లి మోపు దించబోయాను, ఆమె పట్టనివ్వలేదు. తనే వామి పక్కన దించి, చెంగుతో మొహం తుడుచుకుంది.

"ఎంతసేపాయ సార్ వచ్చి? ఎండలో వచ్చినారే. నీళ్లు తెస్తా ఉండండి."

"నీళ్లు వద్దమ్మా. నా లెక్క తప్పు."

"తెలుసు సార్."

"ఎప్పటి నుంచి?"

"ఆ పొద్దే, ఫోన్లోనే."

ఆమె లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది. నేను తాగేదాకా ఆగి అప్పుడు చెప్పింది.

"నిరుడు గూడా ఇవే రాళ్ల మీద, ఇదే మోకు కొలతకు పేర్చిన వామి సార్. అప్పుడూ తినేవి రెండావులే. దినానికొక గీత గోడ మింద బొగ్గుతో గీసినా. ఎనభై ఒక్క గీత. ఆ తర్వాతే ఎర్రావు చిక్కిపోయి కూలబడింది. మీరు నూట తొంభై రెండు అనంగానే తెలిసింది, యాడో తప్పుండాదని."

"మరి ఎందుకు చెప్పలేదమ్మా?"

"సెప్పుంటే సుక్క టెంపో ఎక్కుతాండె గదా సార్." ఆవు వైపు చూసింది. "మీ మాటంటే నా కూతురికి రాసిపెట్టినట్టు. మీరు సాలుతాదన్నారు, అది సరే అనింది. మీ తప్పు నాకు కావాల్సొచ్చింది. ఇంక దాన్ని నిజం చేసేది నా పని అనుకున్నా."

"ఎట్లా?"

"ఎట్లేముంది. మీరు జెప్పిన దినాల్లో నా వామి దినాలు తీసేస్తే నూట పదకొండు. మూడు దినాలకు రెండు మోపులు తింటాయి. డెబ్బై నాలుగు మోపులు కావాల్సొచ్చినాయి. ఎలకలకొకటి. డెబ్బై అయిదు. ఇది డెబ్బై నాలుగోది."

తొమ్మిది ఘనపుటడుగులు, పద్దెనిమిది కిలోలు. మూడు రోజులకు రెండు మోపులంటే ఆమె మోపు బరువు కూడా అంతే; ఆరు వందల అరవై ఆరులో అలాంటివి డెబ్బై నాలుగు. నేను వర్గాలు, వర్గమూలాలు, పట్టకం సూత్రం అన్నీ వేసుకుని డెబ్బై నాలుగు మోపుల దగ్గరికి చేరాను. ఆమె ఆవు నోటి నుంచి లెక్క మొదలుపెట్టి అక్కడికే చేరింది. పైగా ఎలకల్ని మరిచిపోలేదు. నా ఇరవై ఆరేళ్లలో ఏ శిష్యుడి ముందూ అంత చిన్నవాణ్ని కాలేదు, అంత సంతోషమూ పడలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో చెప్పాను. అడుగు సంగతి. ఆమె తన పాదం వైపు చూసుకుని నవ్వింది.

"మీ అడుగు యాడుంటాది సార్?"

"స్కేలు మీద."

"స్కేలు నడస్తాదా? నడిచేదే గదా అడుగు." అని మళ్లీ నవ్వింది. నేను టేపు చుట్టి జేబులో వేసుకున్నాను.

"ఇంత కట్టె ఎక్కడిదమ్మా? ఈ ఏడు అమ్మేవాళ్లే లేరన్నారు," అని అడిగాను. ఆమె నవ్వు ఆగిపోయింది.

"అన్నపూర్ణమ్మ వాళ్లది. బోరు కింద పంట, కట్టె నిండా ఉండాది. అమ్మరు. పొద్దున్నే పోయి వాళ్ల కొట్టం ఊడ్చి, పేడ ఎత్తి, పన్నెండు గొడ్లకు నీళ్లు పెట్టొస్తే మోపు ఇస్తారు."

అన్నపూర్ణమ్మ ఇల్లు నాకు తెలుసు. మైలు దూరం. యాభై ఎనిమిదేళ్ల మనిషి డెబ్బై నాలుగు రోజులు, పండగ పూట కూడా, నెత్తిన పద్దెనిమిది కిలోలతో ఆ మైలు నడిచింది.

"సుష్మకు సెప్పొద్దండి సార్," అంది మెల్లగా. "ఉద్యోగం వచ్చిన దినం నా చేతిలో తట్ట ఇసిరేసి, ఇంక ఒకరి కొట్టం ఊడ్చేది లేదు మా, అని ఒట్టేయించుకునింది. తెలిస్తే కోపం రాదు సార్, ఏడుస్తాది. నేను జీతం తెచ్చేది ఎందుకు అని ఏడుస్తాది. సుక్కను ఆ పొద్దే అమ్మేస్తాది."

"మోపుల సంగతి చెప్పను. నా తప్పు మాత్రం చెప్పాలి కదమ్మా."

"రెండూ ఒకటే గదా సార్. తప్పని జెప్తే, మరి మేత ఎట్లుండాదని అడగదా?"

అడుగుతుంది. నేను చదువు చెప్పిన పిల్ల, అడగకుండా ఉండదు. ఊరుకోవడమే మేలనిపించింది. ఆవు బతికింది, మేత ఉంది, నా పరువూ ఉంది. నేను ఒప్పుకోకపోతే ఎవరికీ నష్టం లేదు. కానీ కుప్పంలో ఆ పిల్ల నా లెక్క మూలంగా ఆవు బతికిందని అనుకుంటూ ఉంటుంది. అది నాకు మింగుడు పడలేదు. పక్కవాడి పేపర్లో మార్కులు నా పేపర్లో వేసుకోవడం అది.

"అమ్మా, మీరు మోసిన కట్టెకు పేరు నాకు వద్దు," అన్నాను. "నేను చెప్పకుండా ఉండలేను. కావాలంటే సుక్కను అమ్మొద్దని ఆ పిల్ల కాళ్లు పట్టుకుంటాను."

అక్కమ్మ నన్ను చూసింది. వామి వైపు చూసింది. "మీరొద్దులే సార్. నేనే జెప్తా," అని జాకెట్లోంచి ఫోను తీసింది. స్పీకర్ పెట్టింది, నేను కూడా వినాలని.

ఎక్కువ మాటలు వాడలేదు ఆమె. సార్ లెక్క తప్పిందని, వామి వచ్చే వారం అయిపోతుందని, ఇంకో వామి పేర్చానని, దాని కట్టె అన్నపూర్ణమ్మ కొట్టం నుంచని చెప్పింది. అంతే. కుప్పంలో ఏదో బస్సు హారన్ కొట్టడం వినిపించింది.

"కొట్టం ఊడ్చినావా మా?" అంది సుష్మ.

"ఊ."

"ఎన్ని దినాలు?"

"డెబ్బై నాలుగు."

అక్కమ్మ ఒక చేత్తో సుక్క మెడలోని తాడు పట్టుకుంది. ఇప్పుడే ఎవరో తోలుకుపోతారన్నట్టు గట్టిగా పట్టుకుంది. నేను నోరు తెరవబోయాను. ఇంతలో సుష్మ గొంతు వచ్చింది, తడిగా.

"ఇంకెన్ని మోపులు తేవాల?"

"ఒగటే. రేపటిది."

"రేపు పోవద్దు. ఆదివారం నేనొస్తాండా. ఆ మోపు నేను తెస్తా."

"నువ్వా? అన్నపూర్ణమ్మ కొట్టంలో?"

"ఊ. ఊడ్చి తెస్తా."

అక్కమ్మ ఫోను చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది, కట్ అయిన తర్వాత కూడా. సుక్క తాడు మాత్రం వదిలేసింది. ఆదివారం దాకా ఆ వామి, ఆమె లెక్కకు, ఇంకో తొమ్మిది ఘనపుటడుగులు తక్కువగానే ఉండింది.